ఒంటరి అణువు, గుంపులో అణువు

మందులు కాగల అణువుల మీద మేం చేసే పని గురించి అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు కార్యదర్శిగారు.

అణువు కంటికి కనబడదు, కానీ కుదురుగానూ ఉండదు. పరమాణువులను గుండ్లనీ, బంధాలను స్ప్రింగులనీ అనుకోండి. స్ప్రింగు గట్టిదైతే ఊపు ఎక్కువ, గుండు బరువైతే తక్కువ. పరారుణ కాంతి పంపితే ఒక్కో బంధం తన ఊపుకు సరిపోయే భాగాన్ని పీల్చుకుంటుంది. కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం ఉంటే సెంటీమీటరుకు 1700 తరంగాల దరిదాపుల్లో గట్టి గుర్తు పడుతుంది. 1928లో సి.వి. రామన్ కనుగొన్న కాంతి పరిక్షేపణ కూడా ఈ ఊపులనే మరో దారిలో చూపిస్తుంది.

ఈ ఊపులను ఇప్పుడు కంప్యూటరు మీద ముందే లెక్కగట్టవచ్చు. ఆ పద్ధతులకే వాల్టర్ కోన్, జాన్ పోపుల్‌లకు 1998లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. లెక్కలో వచ్చే సంఖ్యలు సాధారణంగా కాస్త ఎక్కువగా ఉంటాయి. 0.96 లాంటి అంకెతో గుణించి దించుతాం. చేయి జారి వేసిన మార్కులను మోడరేషన్‌లో తగ్గించినట్టన్నమాట.

అయితే ఆ లెక్క చాలాసార్లు శూన్యంలో ఒంటరిగా ఉన్న అణువుది. మాత్రలో అది గుంపులో ఉంటుంది. పక్క అణువుతో హైడ్రోజన్ బంధం కలిస్తే ఆ 1700 గుర్తు కిందికి జరుగుతుంది. ఈ తేడాను చాలామంది దోషంగా చూస్తారు. నాకు మాత్రం అసలు సమాచారం అక్కడే ఉందనిపిస్తుంది.

అదే 1998లో జరిగింది చూడండి. హెచ్‌ఐవీ మందు రిటొనవిర్ మార్కెట్‌లోకి వచ్చి రెండేళ్లయింది. ఉన్నట్టుండి కొన్ని క్యాప్సూళ్లు కరుగుదల పరీక్షలో తప్పాయి. అణువు మారలేదు. ఒక బంధం దగ్గర మెలి తిరిగి, పొరుగు అణువులతో మరింత గట్టిగా ముడిపడి, సరిగా కరగని కొత్త స్ఫటికంగా మారింది. పాలలో పడిన తోడు చుక్కలా, ఆ స్ఫటికపు రేణువులు చేరిన చోట పాత రూపం తయారవడమే కష్టమైంది. క్యాప్సూళ్లు ఆగిపోయి, రోగులు ద్రవరూపంలో ఉన్న మందు తాగాల్సి వచ్చింది. స్పెక్ట్రాలు, ఎక్స్-కిరణాల పరీక్షలు కొత్త రూపాన్ని పట్టిచ్చాయి. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన కొత్త క్యాప్సూల్ 1999లో వచ్చింది.

అందుకే, కంప్యూటరులో ఒక ప్రొటీను గుంటలో అణువు చక్కగా కుదిరిందని చెప్పి వెంటనే ‘కాబోయే మందు’ అని రాసేసే వ్యాసాలంటే నాకు చిరాకు. అది కరుగుతుందా, నిల్వ ఉంటుందా, కాలేయం దాన్ని ఏం చేస్తుందన్నవి ఆ బొమ్మలో కనబడవు. మా విద్యార్థి లెక్కా స్పెక్ట్రమూ సరిపోయాయని సంతోషంగా వస్తే, సరిపోనివి ఏవో ముందు చూపించమంటాను.

ఇక మీ ప్రశ్నలు. సమీకరణాల జోలికి పోలేదు కనుక, లెక్కల మాస్టారు మాత్రం చివర్లో అడగాలని మనవి.