కోత మొదలయ్యేది మైదానం నుంచే

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయ కూలీల గురించి, అంగన్‌వాడీ కార్యకర్తల గురించి, రొయ్యల ప్లాంట్లలో చలికి వేళ్లు కొంకర్లు పోయే ఆడవాళ్ల గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు నేను మాట్లాడబోయేది మనం కూడా శ్రామికురాలిగా లెక్కవేయని ఒక స్త్రీ గురించి. ఆమె ప్రైవేటు కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు. పిల్లలు పి.డి. మేడం అంటారు. ఊళ్లో డ్రిల్లు టీచరంటారు. చదువుకున్నది, ఉద్యోగం చేస్తున్నది, కాలేజీ గేటు లోపల ఉన్నది కాబట్టి ఆమెకు ఏ కష్టమూ లేదనుకుంటాం. కానీ కాలేజీకి డబ్బు ఇబ్బంది వచ్చిన ప్రతిసారీ యాజమాన్యం కత్తెర మొదట పెట్టేది ఆమె జీతం మీదే.

మన డెల్టాలో కోత అంటే పండగ. ధాన్యం ఇంటికొచ్చే రోజు. జీతం కోత మాత్రం ఇంటికి రావలసింది రాకుండా పోయే రోజు. ఈ కోత ఎవరు కోస్తున్నారు, ఏ హక్కుతో కోస్తున్నారు అన్నదే నా ప్రశ్న.

ముందు ఆమె పనేమిటో చూద్దాం. తెల్లవారి ఐదున్నరకు గ్రౌండులో ఉండాలి. కబడ్డీ కోర్టుకు గీతలు గీయించాలి. నల్లరేగడి నేల వానకు తడిస్తే అడుగు పడదు, అప్పుడు వరండాలో సాధన చేయించాలి. తొమ్మిదింటికి గేటు దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చినవాళ్లను చూడాలి, ఎందుకంటే క్రమశిక్షణ బాధ్యత కూడా ఆమెదే. ఆగస్టు పదిహేనుకు, జనవరి ఇరవై ఆరుకు పరేడ్ ఆమెదే. ఆడపిల్లల జట్టు వేరే ఊరికి టోర్నమెంటుకు వెళ్లాలంటే తల్లిదండ్రులు మొదట అడిగేది ‘మేడం వెంట వస్తారా?’ అనే. ఆమె వెళ్తానంటేనే పిల్ల గడప దాటుతుంది. అంటే ఆడపిల్లకు ఆట అనే హక్కు ఆ ఒక్క మనిషి పూచీ మీద నిలబడి ఉంది. ఇంత చాలదన్నట్టు వేసవిలో అడ్మిషన్ల కోసం ఊరూరా తిరిగి, ఇంటరు పాసైన పిల్లల ఇళ్ల ముందు నిలబడాలి. ఈ చివరి పని ఏ నియామక పత్రంలోనూ ఉండదు. చాలామందికి అసలు నియామక పత్రమే ఉండదు.

ఈ పనికి విలువ లేదా అంటే, ఉంది. కాగితం మీద ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం కాలేజీ ఫిజికల్ డైరెక్టరు అసిస్టెంట్ ప్రొఫెసరుతో సమానం. ఇద్దరికీ ఒకటే స్థాయి, ఒకటే ప్రారంభ మూల వేతనం, 57,700 రూపాయలు. మన దగ్గర ప్రైవేటు కాలేజీల్లో పి.డి.లు అందుకునేది చూస్తే ఈ అంకె వేరే దేశానిదేమో అనిపిస్తుంది. ఎయిడెడ్ కాలేజీల్లో కూడా ప్రభుత్వం గ్రాంటు ఇచ్చే పోస్టులు ఖాళీ అయినకొద్దీ నింపకుండా వదిలేస్తే, ఆ కుర్చీల్లో యాజమాన్యాలు తమ ఇష్టమొచ్చిన జీతానికి మనుషుల్ని పెట్టుకున్నాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ కాలేజీల సిబ్బందిని వెనక్కి తీసుకోవాలని పూనుకున్నప్పుడు పెద్ద గొడవ జరిగింది, గుర్తుంది కదా. ఆ గొడవలో ఎయిడెడ్ వాళ్ల గురించి మాట్లాడారు, విద్యార్థుల గురించి మాట్లాడారు. అదే స్టాఫ్ రూములో కూర్చునే అన్‌ఎయిడెడ్ వాళ్ల మాట ఎంతమంది ఎత్తారు?

ఇక 2020కి వద్దాం. మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. లెక్కలు చెప్పేవాళ్లు, ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఫోనులో పాఠాలు చెప్పారు. వాళ్లలోనూ ఎందరికో సగం జీతమే వచ్చింది, కొందరికి అదీ లేదు. నెల్లూరులో ఒక తెలుగు ఉపాధ్యాయుడు తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్ముకున్నారని పత్రికలు రాశాయి. మరి ఆటలు నేర్పే మనిషి ఫోనులో ఏం నేర్పుతుంది? ‘గ్రౌండే లేదు, మీకు పనేముంది?’ అన్న ఒక్క మాటతో ఆమె జీతం ఆపేయడం సులువైంది. మరుసటి ఏడాది, 2021 ఏప్రిల్‌లో, తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు స్కూళ్ల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. అంటే చదువు చెప్పేవాళ్ల ఇళ్లలో బియ్యం నిండుకున్నాయని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

పన్నెండు వేల జీతం అనుకుందాం. సగం కోస్తే ఆరు వేలు. ఇంటద్దె తగ్గదు, డ్వాక్రా వాయిదా ఆగదు, చీటీ పాటకు కట్టవలసింది కట్టాలి. పెద్ద జీతంలో సగం పోతే పొదుపు పోతుంది. చిన్న జీతంలో సగం పోతే పూట పోతుంది. ముందు మెడలోది కుదువకు వెళ్తుంది, తరవాత పాలవాడి దగ్గర ఖాతా పెరుగుతుంది, ఆ తరవాత ఇంట్లో మాట పడుతుంది. కాలేజీ నష్టం చివరికి ఆమె వంటింట్లో తేలుతుంది.

యాజమాన్యాలు చెప్పే కారణం మనకు కొత్త కాదు. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు రాలేదంటారు. అది కొంత నిజమే. ప్రభుత్వం కాలేజీకి బాకీ, కాలేజీ అధ్యాపకులకు బాకీ, వాళ్లలో అందరికన్నా కింద ఉన్న మనిషి పచారీ కొట్టుకు బాకీ. పైవాడు ప్రతివాడూ తన ఇబ్బందిని కిందికి దించుకుంటాడు. ఇంక దించుకోవడానికి కింద ఎవరూ లేనిది ఆమెకే.

ఈ గొలుసును ఎక్కడైనా తెంచవచ్చా? తెంచిన ఒక స్త్రీ మన రాష్ట్రంలోనే ఉన్నారు. 2020 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 26 ఇచ్చి, కరోనా ఇబ్బంది వల్ల జీతాలు వాయిదా వేసింది. ముఖ్యమంత్రి నుంచి శాసనసభ్యుల దాకా మొత్తం, ఐ.ఏ.ఎస్. స్థాయివారికి 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి వారికి 10 శాతం. పెన్షన్లలోనూ కోత పెట్టారు. విశ్రాంత జిల్లా జడ్జి దినవహి లక్ష్మీ కామేశ్వరి గారు దాన్ని హైకోర్టులో సవాలు చేశారు. ఆపినదంతా 12 శాతం వడ్డీతో ఇవ్వాలని 2020 ఆగస్టులో హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ వడ్డీ కట్టవలసిందేనంది. చేసిన పనికి జీతం ఉద్యోగి హక్కు అని స్పష్టం చేసింది.

ఈ కేసు నుంచి మనం రెండు విషయాలు తీసుకోవాలి. ఒకటి, యజమాని ఇబ్బందిలో ఉన్నంతమాత్రాన జీతం దయాదాక్షిణ్యం అయిపోదు. ఆలస్యమైతే వడ్డీ పడే బాకీ అది. రెండు, కోర్టులో నిలవని ఆ జీవోలో కూడా పైవాడికి ఎక్కువ, కిందివాడికి తక్కువ అన్న వరస ఉంది. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ 2020 ఏప్రిల్‌లో కోచ్‌ల జీతాలు తగ్గించినప్పుడు, అది ఒక్క ఏడాదికే అని గడువు ముందే ప్రకటించింది. అక్కడి పెద్ద కోచ్‌ల జీతాలు మన ఊహకు అందవు, వాళ్లతో మనకు పోలిక లేదు. కానీ గడువు చెప్పి కోయడం వేరు, నోటిమాటతో కోసి మళ్లీ ఆ మాటే ఎత్తకపోవడం వేరు.

‘అది సర్కారు ఉద్యోగుల కేసు, ప్రైవేటుకు వర్తించదు’ అంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది, జాగ్రత్తగా వినండి. గోవాలో సుందరాంబాళ్ అనే ఉపాధ్యాయిని కేసులో సుప్రీంకోర్టు 1988లో ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మెన్’ కారని చెప్పింది. అలా చదువు చెప్పేవాళ్లకు ఆ తలుపు మూసుకుంది. సరే, అయితే ఫిజికల్ డైరెక్టరు ఉపాధ్యాయురాలా? మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫిజికల్ డైరెక్టరు పి.ఎస్. రామమోహనరావు గారి కేసులో, 1997లో, ఆ విశ్వవిద్యాలయ చట్టంలోని నిర్వచనాన్ని బట్టి అవునని సుప్రీంకోర్టు చెప్పింది. ఆట నియమాలు, మెళకువలు నేర్పడం కూడా బోధనేనంది. ఇప్పుడు మన పి.డి. మేడం పరిస్థితి చూడండి. లేబర్ ఆఫీసుకు వెళ్తే ‘మీరు టీచరు కదమ్మా’ అంటారు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి లెక్చరర్లతో సమానంగా ఇమ్మంటే ‘మీరు పాఠం చెప్పరు కదా మేడం’ అంటారు. చట్టం దగ్గర టీచరు, జీతం దగ్గర కాదు. రెండు లెక్కల్లోనూ లేని మనిషిని కోయడం ఎవరికైనా తేలికే.

స్త్రీ కావడం వల్ల ఇంకో మాట కూడా పడాలి. ‘మీ ఆయన సంపాదిస్తున్నారు కదా, సర్దుకోండి.’ మగ పి.డి.కి ‘మీ ఆవిడ సంపాదిస్తోంది కదా’ అని ఎవరైనా చెప్పగా విన్నామా? ఆమె జీతాన్ని సంసారానికి పై ఖర్చుగా చూసే బుద్ధి ఇది. సమాన పనికి సమాన వేతనం అన్న చట్టం 1976లోనే వచ్చింది. ఆ సూత్రం ఇప్పుడు వేతనాల కోడ్‌లో ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన ఆ కోడ్ ‘కార్మికుల’తో ఆగకుండా ‘ఉద్యోగుల’ గురించి మాట్లాడుతుంది. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపు ఇవ్వాలంటుంది. ఏయే కారణాలతో జీతంలో కోత వేయవచ్చో జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో యజమాని నష్టం లేదు. అధ్యాపకులకు ఇది వర్తిస్తుందా అన్న వాదన వస్తుంది. రానివ్వండి. గ్రాట్యుటీ విషయంలో కూడా 2004లో ఉపాధ్యాయులకు వర్తించదనే తీర్పు వచ్చింది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 1997 నుంచి వర్తించేలా చేసింది. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మూసిన తలుపులు తెరుచుకుంటాయి, తట్టేవాళ్లుంటే.

చిన్న కాలేజీలకు నిజంగా ఇబ్బందులు ఉంటాయి, కాదనను. కాలేజీ మూతపడితే ఆమె ఉద్యోగమూ పోతుంది. కానీ ఇబ్బందిని పంచుకోవడానికి ఒక పద్ధతి ఉండాలి. కోత తప్పదంటే లెక్కలు సిబ్బంది ముందు పెట్టాలి. పెద్ద జీతాల నుంచి మొదలుపెట్టాలి. ఒక మొత్తం కన్న తక్కువ జీతాన్ని ముట్టుకోకూడదు. ఎన్ని నెలలో కాగితం మీద రాయాలి. ఆపినది బాకీగా రాసి, బకాయిలు రాగానే ముందు అది తీర్చాలి. పి.డి. అయినా, లైబ్రేరియన్ అయినా, ఫిజిక్స్ లెక్చరర్ అయినా ఒకటే కొలత ఉండాలి.

మనం చేయగలిగిన పనులున్నాయి. మీ మండలంలో ఉన్న పి.డి.లను, స్కూళ్లలో పి.ఇ.టి.లను ఒక చోట కూర్చోబెట్టండి. నియామక పత్రం అడగమని చెప్పండి. అది లేకపోతే హాజరు పట్టీ, టోర్నమెంటు ఎంట్రీ ఫారాలు, బ్యాంకు పాసుబుక్కు జాగ్రత్త చేయమనండి. ఆమె సంతకం ఉన్న ప్రతి ఎంట్రీ ఫారమూ ఆమె ఉద్యోగానికి సాక్ష్యమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గర పెట్టవద్దని చెప్పండి. పెట్టినవాళ్లకు తిరిగి ఇప్పించడానికి మనం వెంట వెళ్లాలి. ఒంటరిగా వెళ్తే ‘రేపటి నుంచి రానక్కర్లేదు’ అంటారు, పదిమంది వెళ్తే కుర్చీ వేస్తారు. ఆదాయంతో పనిలేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక తెల్ల కాగితం మీద అర్జీ రాస్తే చాలు, 15100 నంబరుకు ఫోను చేసినా చాలు.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినప్పుడు కోనసీమ అంతా పొంగిపోయింది. అతని తండ్రి వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేశారు. పతకం వచ్చిన రోజు దండలు వేయడానికి అందరూ వస్తారు. పతకం రాకముందు పదేళ్లపాటు తెల్లవారుజామున విజిలు ఊదే మనిషికి నెల జీతం పూర్తిగా అందిందా అని అడిగేవాళ్లు కావాలి. ముఖ్యంగా ఆ మనిషి ఆడది అయినప్పుడు, ఆమెను నమ్ముకుని మన ఆడపిల్లలు గడప దాటుతున్నప్పుడు, ఆ అడగవలసినవాళ్లం మనమే.

మీరు తిరిగి వెళ్లాక మీ ఊరి కాలేజీ గేటు దగ్గర ఆగండి. పి.డి. మేడం ఎవరో కనుక్కోండి. పోయిన నెల జీతం ఎంత రావాలో, ఎంత వచ్చిందో అడిగి రాసుకోండి. వచ్చే సమావేశానికి ఆ లెక్కలు పట్టుకుని రండి. మన పని అక్కడ మొదలుపెడదాం.