2039 నాటికి మన చేతిలో ఏముంటుంది?
(పాన్‌గల్‌లో యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈరోజు ఒక చర్చి గురించి మాట్లాడతాను. గోర్ సభలో చర్చి ముచ్చట ఎందుకన్నా అని అడగొచ్చు. మన తండాల్లో మేరామా యాడికి భోగ్ పెట్టేవాళ్లున్నారు, ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లూ ఉన్నారు. నేను ఏ మతం గురించీ చెప్పడం లేదు. ఒక సమాజం తన వార్షికోత్సవాన్ని ఎలా నిలబెట్టుకుంటుందో చెబుతాను.

మన వనపర్తి, గద్వాల వైపు మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ చర్చిలు ఎక్కువగా చూస్తాం. ఆంగ్లికన్ సంప్రదాయంలో పుట్టిన పెద్ద చర్చిని చూడాలంటే డోర్నకల్ పోవాలి. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. చుట్టూ మన తండాలే. అసెంబ్లీ సీటు కూడా ఎస్టీలకు రిజర్వు అయిందే.

1909లో ఆ రైల్వే జంక్షన్‌కు వి.ఎస్. అజరయ్య అనే తమిళుడు వచ్చాడు. ఊరు తిరునల్వేలి ప్రాంతం. తెలుగు వాళ్ల మధ్య పనిచేయడానికి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగితే, తెల్లవాళ్ల ముందే నిలబడి, మీ త్యాగాలు సరే, మమ్మల్ని స్నేహితులుగా చూడండి అని అడిగాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. దొర ముందు మనవాళ్లు చెప్పులు విడిచి నిలబడే రోజులవి. ఆ రోజుల్లో దొరలతో సమానంగా కూర్చున్నాడు.

ఆయన హయాంలో కట్టిందే డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్. కెథడ్రల్ అంటే బిషప్ పీఠం ఉండే చర్చి. ఇంగ్లండు చర్చికి నకలు కట్టలేదు. పైన చూస్తే మసీదును తలపించే గుమ్మటాలు, లోపలికి పోతే గుడి మండపంలాంటి స్తంభాలు. ఈ నేల మీద ఉన్నవాళ్లందరి పోలికలూ అందులో కనబడతాయి. పూర్తి కావడానికి ఏళ్లకేళ్లు పట్టింది. చివరికి 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున ప్రతిష్ఠ చేశారు. అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ చర్చి కూడా అందులో కలిసింది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 1939లో ప్రతిష్ఠ అయిన ఆ చర్చికి 2039లో నూరేళ్లు నిండుతాయి. మన సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర పుట్టాడని పెద్దల మాట. అంటే ఆ ఏడే ఆయనకు మూడు వందల ఏళ్లు. జనవరిలో వాళ్ల పండుగ, ఫిబ్రవరిలో మన పండుగ.

వాళ్ల దగ్గర కట్టడం ఉంది, తేదీ ఉంది. చర్చిల్లో బాప్తిస్మం, పెళ్లి, చావు రిజిస్టర్లో రాసిపెట్టే అలవాటు ఉంది. మన దగ్గర ఏముంది? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా లదేణి తిరిగిన జాతి మనది. గోడలు కట్టుకోలేదు. మన రిజిస్టరంతా మన ఆడవాళ్ల గొంతులోనే ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా దాదీకి ఢావ్లో పాటలు చాలా వచ్చు. అత్తగారింటికి పోయే పిల్ల ఏడుస్తూ పాడే పాటలు. ఆమె పాడుతుంటే పొలం నుంచి వచ్చినవాళ్లు కూడా ఆగిపోయేవాళ్లు. నా జేబులో ఫోన్ ఉంది. రేపు రికార్డు చేద్దాం, దసరాకు చేద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఆమె పోయింది. ఇప్పుడు రాగం గుర్తుంది, మాటలు సగమే గుర్తున్నాయి.

మనం రాసుకోకపోతే ఇంకొకరు రాస్తారు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో జాన్ కెయిన్ అనే ఆంగ్లికన్ పాద్రి ఉండేవాడు. 1870లలోనే కోయల ఆచారాల గురించి ఇంగ్లిషు పత్రికల్లో రాశాడు. 1909లో థర్‌స్టన్ కులాలు, తెగల గురించి పెద్ద గ్రంథం వేసినప్పుడు కోయల గురించి కెయిన్ రాతలనే వాడుకున్నాడు. ఆయన రాసినందుకు కొంత మిగిలింది, నిజమే. కానీ అది బయటివాడి కంటికి కనబడినంతే. కోయ అవ్వ తన గురించి తాను ఏం చెప్పుకునేదో అందులో వెతికినా పూర్తిగా దొరకదు.

మన పాన్‌గల్ గుట్ట మీది కోట చూడండి. ఏలినవాళ్ల గురించి చరిత్ర చెబుతుంది. రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

అందుకే మిమ్మల్ని డబ్బు అడగను, ఒక పని అడుగుతాను. ప్రతి తండా నుంచి ఇద్దరు ముందుకు రండి. తండాను నిలబెట్టిన నాయక్ ఎవరు, కార్భారీ ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, మొదటి బావి ఎవరు తవ్వారు, ఇవి అడిగి రాయండి. తీజ్ పాటలు, ఢావ్లో పాటలు రికార్డు చేయండి. పాడినవాళ్ల పేరు, తండా పేరు, తేదీ తప్పకుండా పెట్టండి. మన గోర్ బోలీకి సొంత లిపి లేదని ఆగొద్దు, తెలుగు అక్షరాల్లో రాయండి. రాసింది మళ్లీ ఆ పెద్దమనిషికే చదివి వినిపించండి. తప్పుంటే ఆమే దిద్దుతుంది.

ఇప్పుడు ఇంటర్ చదివే మీరు 2039 నాటికి పిల్లల తల్లిదండ్రులవుతారు. ఆ ఏడు డోర్నకల్ వాళ్లు పిలిస్తే పోదాం, వాళ్ల సంతోషంలో పాలుపంచుకుందాం. నెల తిరిగాక వాళ్లను మన తండాకు పిలుద్దాం. వచ్చినవాళ్లకు కట్టడం చూపించలేం. పాట వినిపిద్దాం, పాడినామె పేరు చెబుదాం.

ఈ రాత్రి ఇంటికి పోగానే మీ దాదీ పక్కన కూర్చోండి. రేపటికి వాయిదా వేయొద్దు.

జై సేవాలాల్.