బోండమును ఇంటిలో కొట్టుకొను విధము
(ఉపన్యాస పాఠము)



నిజామాబాదు, బోధను ప్రాంతములలో మనకు తెలిసిన పైరులు చెరకు, వరి, పసుపు. కొబ్బరి బోండములు హెచ్చుగా గోదావరి జిల్లాల వంటి దూర ప్రాంతముల నుండి లారీలలో వచ్చును. మన చేతికి అందుసరికే కాయ కోసి కొన్ని దినములు గడచియుండును.

సుమారు 7 నెలల కాయలో నీరు నిండుగాను, తియ్యగాను ఉండును. తొక్క నిగనిగలాడుచు, బరువుగా ఉన్న కాయను ఏరుకొనుడు. ఊపినప్పుడు గలగలలాడినచో కాయ ముదిరినదని గాని, నీరు తగ్గినదని గాని గ్రహింపుడు.

కాయను అరచేతిలో పట్టి కొట్టరాదు. చెరకు నరికి అలవాటుపడిన చేతికైనను గుండ్రని కాయపై కత్తి జారును. అడుగు చదునుగా చెక్కి, మొద్దుపై నిలబెట్టుడు. కాయను త్రిప్పుచు, తొడిమ వైపు ఏటవాలుగా కొంచెము కొంచెము చెక్కుడు. తెల్లని టెంక కనబడగానే కత్తి మొనతో రంధ్రము చేసిన చాలును. నీరు త్రాగిన పిదప కాయను రెండుగా చీల్చి, చెక్కిన పీచుముక్కతోనే మీగడ గీరి తినవచ్చును.

ఇక ముఖ్య విషయము. పులిసిన వాసన, బూజు ఉన్నచో నీరు పారబోయుడు. రుచి సైతము చూడరాదు. డెన్మార్కులో నెల దినములు బయట ఉంచిన చెక్కుడు కాయ నీరు కొంచెము త్రాగి ఒకరు మరణించిన సంగతిని వైద్యులు 2021లో ప్రచురించిరి. కారణము ఒక బూజు విషము. 1970, 1980 దశకములలో చైనాలో బూజుపట్టిన చెరకు నమిలినవారి ప్రాణములు తీసినదియు ఈ విషమే. కావున చెక్కిన కాయను ఆ పూటకే త్రాగుడు. రంగు మారి పులిసిన చెరకు గడను పిల్లల చేతికి ఈయకుడు.