ఎవరి దేవుణ్ణి ఎవరితో పోల్చాలి?



రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి పేరిట మాట్లాడమన్నప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. 1862లో బందరులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో మిషనరీల దగ్గర చదువుకున్నారు. అయినా క్రైస్తవంలో కలవలేదు, విగ్రహారాధనకూ తిరిగి వెళ్లలేదు. బ్రహ్మసమాజంలో నిలబడ్డారు. ఈ కాకినాడలో పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండి ఒక తరాన్ని తయారుచేశారు. మన దేవుడు, వాళ్ల దేవుడు అనే పోలికను ఆయన తన బతుకులోనే తేల్చుకోవలసి వచ్చింది. ఆ పోలికకు చాలా పాత చరిత్ర ఉంది. ముఖ్యమనిపించిన చోట్ల ఆగుతాను, మిగతా చోట్ల దాటేస్తాను.

మొదట ఆగవలసింది అల్ బిరూనీ దగ్గర. ఆయన 973లో ఖ్వారజంలో పుట్టిన గణిత, ఖగోళ శాస్త్రవేత్త. 1017లో గజనీ మహమూదు ఆ దేశాన్ని గెలిచి ఆయన్ని తన రాజధానికి తీసుకుపోయాడు. మహమూదు సోమనాథం మీద పడింది 1026లో. దానికి నాలుగేళ్ల తర్వాత, 1030 ప్రాంతంలో, బిరూనీ భారతదేశం మీద తన పెద్ద గ్రంథం ముగించాడు. సంస్కృతం నేర్చుకున్నాడు, పతంజలి యోగాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. ప్రభువు దండయాత్రల వల్లే హిందువులకు ముస్లిములంటే తీరని ఏవగింపు పట్టుకుందని ఆ ప్రభువు దేశంలోనే కూర్చుని రాశాడు. మన పండితుల గర్వాన్ని కూడా ఊరికే వదల్లేదు. తమ దేశం లాంటి దేశం, తమ శాస్త్రం లాంటి శాస్త్రం లేవనుకుంటారని గట్టిగానే దెప్పాడు.

ఆయన చెప్పిన రెండు మాటలు మనకు కావాలి. మొదటిది: చదువుకున్న హిందువులు నమ్మే ఈశ్వరుడు ఒక్కడే, ఆద్యంతాలు లేనివాడు, దేనితోనూ పోలిక లేనివాడు. దీనికి ఆయన పతంజలి యోగాన్నీ, భగవద్గీతనూ ఆధారంగా చూపించాడు. రెండోది విగ్రహాల గురించి. ఏ జాతిలోనైనా పండితుడి నమ్మకం వేరు, పామరుడి నమ్మకం వేరు. పామరుడికి కంటికి కనిపించేది, చేతికి తగిలేది కావాలి. ఇంతవరకు చెప్పి ఆగితే అది పండితుడి అహంకారం అయ్యేది. ఆయన ఆగలేదు. ప్రవక్త బొమ్మనో, మక్కా బొమ్మనో చదువురాని ముస్లిము చేతికిస్తే అతను దాన్ని ముద్దు పెట్టుకుంటాడు, చెంపలకు రుద్దుకుంటాడు, సాక్షాత్తు వాటినే చూసినట్టు మట్టిలో పొర్లుతాడు అన్నాడు. హిందువుల వీధిని చూపించిన చోటనే తన వీధినీ చూపించాడు. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్న సంగతి అంతా ఇదే: వీధిని వీధితో, గ్రంథాన్ని గ్రంథంతో పోల్చాలి. ఆ తర్వాతి తొమ్మిది వందల ఏళ్లలో ఈ నియమం పాటించినవాళ్లు బహు తక్కువ.

అక్బరు ఫతేపూర్ సిక్రీలో 1575లో కట్టించిన ఇబాదత్ ఖానా సంగతి మీకు తెలుసు, దాటేస్తాను. అతని మునిమనవడు దారా షికో దగ్గర కాసేపు నిలబడదాం. 1655 ప్రాంతంలో దారా ‘మజ్మ ఉల్ బహ్రైన్’ రాశాడు. సూఫీల మార్గం, వేదాంతుల మార్గం రెండు సముద్రాలు, అవి కలిసే చోటు ఈ గ్రంథం అని అతని భావం. అందులో బ్రహ్మను జిబ్రాయీలు దేవదూతతోను, విష్ణువును మికాయీలుతోను, మహేశ్వరుణ్ణి ఇస్రాఫీలుతోను జత కట్టాడు. వైష్ణవులూ శైవులూ ఒప్పుకుని ఉండరు. మనం పరమాత్మ అనేవాడు అక్కడ పరమాత్మ సేవకుడైపోయాడు. 1657లో కాశీ పండితులను కూర్చోబెట్టుకుని యాభై ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చాడు. ఖురానులో గుప్తగ్రంథం అని ఒకచోట ఉంది, అది ఉపనిషత్తులేనని నమ్మాడు. రెండేళ్లకు తమ్ముడు ఔరంగజేబు అతన్ని చంపించాడు. ఆ పారసీ గ్రంథం నుంచి ఫ్రాన్సుకు చెందిన ఆంక్వెతిల్ దుపెరాన్ చేసిన లాటిన్ అనువాదం 1801, 1802లలో అచ్చయింది. జర్మనీలో షోపెన్‌హోవర్ చదివింది దాన్నే. ఉపనిషత్తుల దేవుడు యూరపు వెళ్లింది ఒక మొగలు రాకుమారుడి ద్వారా అన్నమాట. దారా కథ నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది గానీ, అతని పద్ధతి మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. రెండు వైపులా అతను జ్ఞానులనే తీసుకున్నాడు, అంతవరకు న్యాయమే. కానీ రెండు వైపులా సామాన్యులను వదిలేశాడు. శిఖరాల మీద నిలబడి చూసేవాడికి లోయలు కనిపించవు.

ఇంగ్లీషువాళ్ల కాలం వచ్చేసరికి కొలబద్ద వంకరపోయింది. మిషనరీ ఒక పళ్లెంలో తన సువార్త పెట్టాడు, రెండో పళ్లెంలో మన జాతర పెట్టాడు. దీన్ని మొదట గట్టిగా పట్టుకున్నవాడు రామమోహన్ రాయ్. 1820లో ఏసు నీతిబోధలను అద్భుతాలు లేకుండా విడదీసి అచ్చువేశాడు. శ్రీరాంపూరు మిషనరీ మార్ష్‌మన్ మండిపడ్డాడు. వాదం సాగిన కొద్దీ రామమోహన్ తిరిగి అడిగిన ప్రశ్న ఇది: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కరే అని మీరు నమ్మగలిగితే, మా అనేక దేవతలు ఒక్కరే అన్నవాణ్ణి ఏ నోటితో తప్పుపడతారు? వాదిస్తూ ఉండగానే విలియం ఆడమ్ అనే మిషనరీ త్రిత్వాన్ని వదిలి రామమోహన్ వైపు వచ్చేశాడు.

ఇందులో మన దక్షిణాది ముక్క ఒకటుంది, దాన్ని జనం మరిచిపోయారు. 1816 చివరలో మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ ఇంగ్లీషు ఉపాధ్యాయుడు శంకరశాస్త్రి పత్రికాముఖంగా రామమోహన్‌ను ఎదిరించాడు. దేవతలు ఆ ఒక్క పరబ్రహ్మ గుణాలకే రూపాలు, వాళ్లను పూజించడంలో తప్పు లేదు అన్నది శాస్త్రి వాదం. దానికి జవాబుగా రామమోహన్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. విగ్రహం ముందు సాగిలపడే లక్షలాది మంది మనసులో నిజంగా ఆ భావమే ఉందా అన్నది ఆయన పట్టు. ఇద్దరిలో ఎవరిది గెలుపు అని నన్నడిగితే, శాస్త్రి గ్రంథం గురించి మాట్లాడాడు, రామమోహన్ వీధి గురించి మాట్లాడాడు, ఒకరి మాట ఒకరికి తగల్లేదు అంటాను.

ఇక్కడ ఒక పక్కమాట. గ్రంథంతో గ్రంథం పోల్చాలంటే మన తరఫున ఏ గ్రంథం మాట్లాడాలి? హిందువుల ఈశ్వర భావన అంటూ ఏకవచనంలో అనేస్తాం. కుమారిల భట్టు వేదానికి పరమ ప్రమాణం కట్టబెట్టిన మీమాంసకుడు, కానీ జగత్తును సృష్టించిన దేవుణ్ణి ఒప్పుకోడు. సాంఖ్యకారికల్లో ఈశ్వరుడికి చోటే లేదు. ఉదయనుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈశ్వరుడున్నాడని తర్కంతో నిరూపిస్తాడు, రామానుజులు శ్రీభాష్యంలో తర్కంతో ఈశ్వరుణ్ణి నిరూపించలేం, శాస్త్రమే దిక్కు అంటారు. శంకరులకు జీవుడూ బ్రహ్మమూ ఒకటే, మధ్వులకు ఎప్పటికీ వేరు. వీళ్లంతా ఆస్తికులే. వీళ్లలో ఒకరిని ఎన్నుకుని ‘హిందూమతం ఇలా అంటుంది’ అనేవాడు పోలిక మొదలుపెట్టకముందే సగం తీర్పు చెప్పేసినట్టు.

1893లో వివేకానందస్వామి చికాగో సర్వమత సభలో ఈ ఎన్నిక చేశారు. అద్వైతాన్ని శిఖరం మీద పెట్టారు. అయితే అదే ప్రసంగంలో బిరూనీ పద్ధతి కూడా ఒకచోట పాటించారు: మా వాడు గుడికి పోతే తప్పుపడతారే, మీ వాడు చర్చికి ఎందుకు పోతాడు, ప్రార్థనలో ఆకాశం వైపు ఎందుకు చూస్తాడు అని అడిగారు. ఆ ప్రశ్న ఆ సభకు సూటిగా తగిలే ప్రశ్న.

ఆ తర్వాతి మజిలీ మళ్లీ మద్రాసు క్రిస్టియన్ కాలేజీయే. నాయుడుగారు చదివి వెళ్లిన చాలా ఏళ్లకు, 1903లో, ఆల్‌ఫ్రెడ్ జార్జ్ హాగ్ అనే స్కాట్లండు అధ్యాపకుడు అక్కడికి వచ్చాడు. హిందూమతం అంటే మిషనరీలు చూపించే వెక్కిరింతకు మనసు నొచ్చుకుని తన మతాన్ని చదవడం మొదలుపెట్టిన ఒక తెలుగు కుటుంబపు కుర్రవాడు ఆ రోజుల్లో అక్కడే చదువుతున్నాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్. వేదాంతంలో నీతి లేదన్న ఆక్షేపణకు జవాబుగా 1908లో ఎం.ఏ. వ్యాసం రాశాడు, హాగ్ మెచ్చుకున్నాడు. మరుసటి ఏడాదే హాగ్ కర్మ సిద్ధాంతాన్నీ, క్రైస్తవుల విమోచనాన్నీ పక్కపక్కన పెట్టి పుస్తకం వేశాడు. కర్మను మూఢనమ్మకం అనలేదు. అది లోకాన్ని న్యాయస్థానంగా చూసే పెద్ద ఆలోచన అన్నాడు. ఎవరి ఫలం వారిదే. అయితే ఒకరి బాధను మరొకరు మోయడం, క్షమించడం ఆ న్యాయస్థానంలో ఎలా ఇముడుతాయి అని అడిగాడు. విడిపోయే చోటు ఎక్కడో చూపించాడు, ఎవరినీ కించపరచలేదు. 1938 డిసెంబరులో తాంబరంలో మిషనరీల ప్రపంచ మహాసభ జరిగినప్పుడు, క్రీస్తు వెల్లడి ముందు ఇతర మతాలన్నీ మానవ ప్రయత్నాలే అన్న డచ్చి మిషనరీ క్రేమర్ వాదాన్ని హాగ్ ఒప్పుకోలేదు. నా లెక్కలో బిరూనీ తర్వాత ఆ నియమం పాటించినవాడు ఇతనే.

రాధాకృష్ణన్‌గారి మీద గౌరవంతోనే ఒక మాట అనాలి. 1926లో ఆయన ఆక్స్‌ఫర్డులో హిందూ జీవన దృక్పథం మీద ఉపన్యసించారు. అందులో ఒక మెట్ల వరస ఉంది: నిర్గుణ బ్రహ్మాన్ని ఉపాసించేవాళ్లు అందరికంటే పైన, సగుణ ఈశ్వరుణ్ణి కొలిచేవాళ్లు వాళ్ల కింద, రాముడు, కృష్ణుడు, బుద్ధుడు లాంటి అవతారాలను కొలిచేవాళ్లు ఇంకా కింద, ఆ తర్వాత పితృదేవతలూ ఋషులూ, అట్టడుగున క్షుద్ర శక్తులనూ భూతాలనూ కొలిచేవాళ్లు. వినడానికి ఉదారంగా ఉంటుంది, ఎవరినీ బయటకు తొయ్యదు. కానీ ఏసును నమ్మినవాడికి ఇది కింది మెట్టు మీద కుర్చీ. అంతకంటే నాకు బాధ కలిగించేది, మన పోలేరమ్మను ఆ అడుగు మెట్టు మీద కూర్చోబెట్టడానికి మిషనరీ అక్కర్లేకపోయింది.

పోలేరమ్మ గురించి ఓపికగా రాసింది, చూశారా, మిషనరీలే. అమెరికన్ బాప్టిస్టు ఎల్మోర్ 1915లో, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో పుస్తకాలు వేశారు. మన గ్రామదేవతల కొలుపులు, దున్నపోతు బలులు, పూనకాలు అన్నీ కళ్లతో చూసి, అడిగి రాసినవి. మెచ్చుకుంటూ రాయలేదు, అది వేరే సంగతి. ఈ బిషప్ ఎవరో కాదు, తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు అన్నగారు. తమ్ముడు 1929లో అచ్చువేసిన మహాగ్రంథంలో దేవుడు లోకాన్ని కదిలించడమే కాదు, లోకం వల్ల తానూ కదులుతాడన్నాడు. కోపమొస్తే ఊరికి అమ్మవారు పోసే, శాంతిస్తే వాన కురిపించే తల్లిని అన్న మన పల్లెల్లో చూశాడు. ఆ ఇద్దరూ ఒకరి పుస్తకం పక్కన మరొకరి పుస్తకం పెట్టుకుని చూశారో లేదో గానీ, నేనైతే పెట్టి చూస్తాను.

సరే, సమానులను సమానులతో పోలిస్తే ఏం తేలుతుంది? గ్రంథాల దగ్గర నిజమైన తేడా అవతారాల లెక్కలోనో విగ్రహాల లెక్కలోనో లేదు. సృష్టి దగ్గర ఉంది. యూదు, క్రైస్తవ, ఇస్లాం పండితుల్లో అత్యధికుల మాట ప్రకారం దేవుడు ఏమీ లేని స్థితి నుంచి లోకాన్ని చేశాడు. దానికి ఒక మొదలుంది. శంకరుల, రామానుజుల వేదాంతంలో ఈశ్వరుడే లోకానికి నిమిత్త కారణం, ఉపాదాన కారణం కూడా. నైయాయికుడికి పరమాణువులు ఎప్పుడూ ఉన్నవే, ఈశ్వరుడు వాటిని కూర్చేవాడు. ఎవరి మాట తీసుకున్నా సంసారం అనాది. పాపం ఎక్కడ మొదలైంది, ఆదాము తప్పు చేశాడా అన్న ప్రశ్న మనకు ఎదురే కాదు. ఇంత పెద్ద తేడాను పక్కన పెట్టి ‘అన్ని మతాలూ ఒక్కటే’ అని దండ వేసుకోవడం నాకు నచ్చదు.

కృప దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. జర్మనీ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో 1926లో శంకరులను మధ్యయుగపు క్రైస్తవ మార్మికుడు ఎక్‌హార్ట్‌తో పోల్చాడు, 1930లో వైష్ణవ భక్తిని క్రైస్తవంతో పోల్చాడు. శ్రీవైష్ణవుల్లో పిల్లి పిల్లను నోట కరుచుకున్నట్టు భగవంతుడే ఎత్తుకుంటాడనేవాళ్లు ఒక పక్క, కోతిపిల్లలా మనమూ పట్టుకోవాలనేవాళ్లు ఇంకో పక్క. క్రైస్తవుల్లో అగస్టీను, పెలాగియస్ అయిదో శతాబ్దంలో దెబ్బలాడుకుంది ఈ విషయం మీదే. ఆ గొడవ మతానికీ మతానికీ మధ్య లేదు, ఒక్కొక్క మతం కడుపులోనే ఉంది.

వీధుల దగ్గర తేడా ఇంకా పలచబడుతుంది. తెలంగాణ పల్లెల్లో పీర్లు ఎత్తేవాళ్లలో హిందువులుంటారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర కోరికలు చెప్పుకుని రొట్టెలు మార్చుకునేవాళ్ల మతం ఎవరూ అడగరు. బెజవాడలో ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ, ఊరికి అటువైపు గుణదల కొండ మీద మేరీమాత. ఫిబ్రవరి తిరునాళ్లకు గుణదల వెళ్లండి: తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, మొక్కు తీర్చుకునేవాళ్లు. కిందటి దసరాకు దుర్గమ్మ కొండ ఎక్కినవాళ్లు వాళ్లలో ఎందరో. కొట్టిన చెయ్యి ఒకటే, కొబ్బరికాయ ఒకటే. మేరీమాత దేవత కాదు, దేవుడి దగ్గర మనకోసం వేడుకునే తల్లి అని చర్చి ఫాదరు చెబుతారు. దుర్గమ్మ ఎవరినీ వేడుకోనక్కర్లేదు, ఆమే శక్తి అని అర్చకులు చెబుతారు. ఆ ఇద్దరి జవాబులనూ విని, కాయ కొట్టిన ఆవిడ ఏమంటుందో కూడా అడిగి రాసుకునే విద్యార్థి ఈ సభలో ఉంటే, నా దగ్గరున్న పుస్తకాలు ఇస్తాను, వచ్చి తీసుకెళ్లండి.