తీగ కనబడిందా బాబూ?

ఈ ఎపిసోడ్ నాటకం గురించే, కానీ నటుల గురించి కాదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నాది ప్రొడక్షన్ సపోర్ట్. సర్వర్ నడిచినన్నాళ్లూ నేనున్నట్టే ఎవరికీ తెలీదు. ఆగిందా, అర్ధరాత్రి ఫోన్! సురభి వాళ్ల 'మాయాబజార్' చూస్తుంటే ఆ ఉద్యోగమే గుర్తొచ్చింది.

ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొస్తున్నాయి. జనం ఒకటే చప్పట్లు. నేను ముందు వరసలో ఓ చివర కూర్చున్నా కాబట్టి తెర సందులోంచి ఒక పెద్దాయన కనిపించారు. చీకట్లో తీగ పట్టుకుని, పాట వింటూ, అదును కోసం కాచుకుని ఉన్నారు. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే మాయ కాస్తా నవ్వులాటే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన కుటుంబాల నాటకం ఇది. తెరలు, తాళ్లు, రంగులు, వేషాలు అన్నీ ఇంటివాళ్ల పనే. పిల్లలు స్టేజీ వెనకే పెరుగుతూ నేర్చుకుంటారు.

నాటకం అయ్యాక వెనక్కి వెళ్లి, "మిమ్మల్ని చూశానండీ, చాలా బాగా చేశారు" అన్నాను. ఆయన సంతోషిస్తారనుకున్నా. కంగారుపడి అడిగారు: "అయ్యో, తీగ కనబడిందా బాబూ?"

కనబడకపోవడమే ఆయనకి మెప్పు. అయినా సరే, ఈసారి నాటకానికెళ్తే చివరి చప్పట్లు కాస్త తెర పక్కకి తిరిగి కొట్టండి. ఉంటాను మరి.