మందు మానేస్తే సర్కారుకేం కష్టం?

"తానా" అనగానే మనకి రెండేళ్ళకోసారి జరిగే కాన్ఫరెన్సూ, అక్కడి భోజనాల దగ్గర పెద్ద లైనూ గుర్తుకొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ తానా గురించి కాదు. జార్ఖండ్‌లో తానా భగత్‌లని ఉన్నారు. దేవుడు చెప్పాడని మందు మానేసినవాళ్ళు. ఆ తర్వాత జైళ్ళకు వెళ్ళారు, భూములు పోగొట్టుకున్నారు. మందు మానేసినందుకు జైలేమిటి అని మీకు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి చదవడం మొదలుపెట్టాను.

వీళ్ళు ఒరావ్‌లనే గిరిజనులు. వాళ్ళ భాష కురుఖ్. అది మన తెలుగుకి చుట్టమే, ద్రావిడ భాష. మన "మూడు"ని వాళ్ళు "మూంద్" అంటారు, "నాలుగు"ని "నాఖ్" అంటారు. రాంచీకి పడమరగా, ఇప్పటి గుమ్లా జిల్లాలో, బిషున్‌పూర్ దగ్గర చింగ్రీ అనే పల్లె ఉంది. అక్కడ జత్రా ఒరావ్ అనే పాతికేళ్ళ కుర్రాడు భూతవైద్యం నేర్చుకుంటూ ఉండేవాడు. 1914 ఏప్రిల్‌లో తనకి ధర్మేశ్, అంటే వాళ్ళ పెద్ద దేవుడు, కనిపించి మాట్లాడాడని ఊళ్ళో చెప్పాడు. భూతాల్ని కొలవద్దు, బలులివ్వద్దు, మాంసం ముట్టద్దు, మందు తాగద్దు, శుభ్రంగా ఉండండి. అంతవరకూ ఏ స్వామీజీ అయినా చెప్పేదే. దాంతోపాటు ఇంకొకటి కూడా చెప్పాడు. జమీందార్లకి కూలి పని చెయ్యద్దు, ఎవరి బరువులూ మొయ్యద్దు అన్నాడు.

పేరు సంగతి కూడా చెప్పాలి. "తానా" అంటే లాగడం. తమని పట్టుకున్న భూతాల్ని లాగి పారేయమని దేవుడికి పాటలు పాడుకునేవారు. ఆ పాటల్లో ఈ మాట పదే పదే వచ్చేది. ఊళ్ళో వాళ్ళు అదే పేరు పెట్టేశారు.

ఇక్కడ మందు అంటే సారా ఒకటే కాదండీ. హండియా అని బియ్యంతో ఇంట్లోనే కాచుకునే కల్లులాంటిది ఉంటుంది. పెళ్ళికీ అదే, చావుకీ అదే, దేవతలకి నైవేద్యమూ అదే. అది మానేశామంటే అన్నదమ్ముల ఇంట్లో విందుకి వెళ్ళలేరు, వియ్యాలవారితో కలిసి కూర్చోలేరు. మనం పార్టీలో కోక్ గ్లాసు పట్టుకుని ఓ మూల నిలబడడంలాంటిది కాదు అది. ఊరితో తెగతెంపులు చేసుకోవడమే.

జత్రా చెప్పినవన్నీ నాకు నచ్చాయని అనను. ఎడ్లకి హింస అని దున్నడం కూడా మానమన్నాడు. దున్నకపోతే తినేదేమిటి?

సర్కారుకి భయం ఎక్కడ పట్టుకుందంటే, పనిమానడం దగ్గర. పక్కనే ముండాల్లో బిర్సా ముండా కూడా మొదట్లో మందు మానండి, భూతాల్ని వదలండి అనే చెప్పాడు. అదే 1899లో తిరుగుబాటైంది. 1900లో బిర్సా రాంచీ జైల్లో చనిపోయాడు. పద్నాలుగేళ్ళు తిరక్కుండా మళ్ళీ ఒకడు దేవుడు కనిపించాడంటే అధికారులు ఊరుకుంటారా? జత్రానీ, అతని అనుచరుల్నీ పట్టుకుని శిక్ష వేశారు. బయటికొచ్చాక అతను ఎక్కువ కాలం బతకలేదు. కానీ భక్తి ఆగలేదు. ఊరూరా కొత్తవాళ్ళు లేచారు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

మనవాళ్ళు ఆ రోజుల్లో మారిషస్‌కీ మలయాకీ కూలికి వెళ్ళినట్టే, ఒరావ్‌లు బెంగాల్‌లోని డువార్స్ టీ తోటలకి వెళ్ళేవారు. ఈ పాటలు వాళ్ళతోపాటే అక్కడికీ వెళ్ళాయి. 1915, 16 నాటికి జల్పాయిగుడి తోటల్లో కూలీలు రాత్రిళ్ళు కూడి పాడుకుంటున్నారు. అందులో "జర్మన్ బాబా" అనే పేరు వినిపించేసరికి తోటల దొరలకి గుండె జారిపోయింది. అటు యూరప్‌లో జర్మనీతో యుద్ధం నడుస్తోంది కదా! ఒరావ్‌లకి జర్మనీ పేరు కొత్తేమీ కాదు. రాంచీలో జర్మన్ లూథరన్ మిషన్ 1845 నుంచీ ఉంది. ఇంగ్లీషువాళ్ళకంటే బలమైనవాడొకడు వచ్చి తమని గట్టెక్కిస్తాడని ఆశపడ్డారు. అందుకు అరెస్టులు, కేసులు.

ఆ తర్వాత 1921 ప్రాంతంలో గాంధీగారి మాట అక్కడికి చేరింది. మందు మానండి, శుభ్రంగా ఉండండి, ఎవర్నీ కొట్టకండి. తానా భగత్‌లకి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు! ఖద్దరు కట్టుకున్నారు, సారా దుకాణాల ముందు నిలబడ్డారు. 1922లో గయ కాంగ్రెస్‌కి కాలినడకన వెళ్ళారు. చౌకీదారీ పన్నూ, భూమి శిస్తూ కట్టం అన్నారు.

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. వీళ్ళు తుపాకీ పట్టలేదు, అందుకని సర్కారు తుపాకీతో రానక్కర్లేకపోయింది. కాయితం ముక్కతో వచ్చింది. బాకీ ఉన్నారని పొలాలు వేలం వేశారు. అడ్డుపడి కొట్లాడడం వాళ్ళ నియమానికి విరుద్ధం. దాంతో చూస్తుండగానే పొలాలు వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోయాయి. మన అల్లూరి సీతారామరాజు కూడా మన్యంలో మొదట మందు మానమనే చెప్పాడు. తర్వాత ఆయన ఎంచుకున్న దారి వేరు, ఆ కథ మనందరికీ తెలుసు. ఈ రెండో దారి మన పిల్లలకి ఎవరూ చెప్పరు. ఇందులో యుద్ధాలు లేవు కాబట్టి సినిమా తీయడం కూడా కష్టమే!

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1947లో, తానా భగత్‌ల భూములు తిరిగి ఇప్పించడానికని బీహార్‌లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. కొందరికి వచ్చాయి. రానివాళ్ళు కొడుకులకీ మనవలకీ ఆ కాయితాలు అప్పగించి వెళ్ళిపోయారు. ఇవాళ్టికీ వాళ్ళు తెల్ల ఖద్దరే కడతారు, మందు ముట్టరు. ఇంటి ముందు చరఖా ఉన్న మూడు రంగుల జెండా పాతుకుని రోజూ దానికి పూజ చేస్తారు. ఆ పూజ చేసే చేతులతోనే భూమి కోసం అర్జీలు పట్టుకుని ఈ శతాబ్దంలో కూడా ఆఫీసుల ముందు ధర్నాలకి కూర్చున్నారు.