బబూన్ల కడుపులో వంశమెంత, వానెంత?

భోజనాల వేళ వింటున్నవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి, ఎందుకంటే ఈ వారం కబుర్లన్నీ కోతుల మలం గురించే!

కెన్యాలో, కిలిమంజారో పర్వతం దిగువన, అంబోసెలి అనే ప్రాంతం ఉంది. అక్కడి బబూన్ కోతుల్ని 1971 నుంచి శాస్త్రజ్ఞులు గమనిస్తూనే ఉన్నారు. జీన్ ఆల్ట్‌మన్, స్టూవర్ట్ ఆల్ట్‌మన్ దంపతులు మొదలుపెట్టిన పని అది. ప్రతి కోతినీ ముఖం చూసి గుర్తుపడతారు. తల్లెవరు, ఎప్పుడు పుట్టింది, ఎవరితో తిరుగుతుంది, అన్నీ రాసి ఉంటాయి. మన ఊళ్ళో కరణంగారి దగ్గర కూడా ఇంత లెక్క ఉండేది కాదేమో! ఇక మలం సంగతి. ఒకరు కాస్త దూరంలో ఓపిగ్గా కాచుకుని, కోతి వెళ్ళిపోయాక అది వదిలినదాన్ని సీసాలోకి ఎత్తుకుంటారు. డీఎన్ఏ అయినా, ఒత్తిడిని తెలిపే హార్మోన్లయినా, పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులైనా అందులోనే దొరుకుతాయి.

2015లో జెన్నీ టంగ్, ఎలిజబెత్ ఆర్చీల బృందం రెండు గుంపుల్లోని 48 కోతుల్ని పరీక్షించింది. ఒకే గుంపులో ఉన్నవాటి సూక్ష్మజీవులు దగ్గరగా ఉన్నాయి. అందులోనూ, పక్కపక్కన కూర్చుని ఒకదానికొకటి పేలు చూసుకునే జంటలవి మరీ దగ్గర. తిండి ఒకటే కావడం వల్లనో, చుట్టరికం వల్లనో అనుకుందామంటే, అవి లెక్కలోకి తీసుకున్నా ఆ పోలిక నిలిచింది.

మరి వంశం మాటేమిటి? దానికి జవాబు 2021లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. 585 కోతులు, 14 ఏళ్ళు, 16,234 నమూనాలు. అంటే కోతికి సగటున 28! సూక్ష్మజీవుల లక్షణాల్లో 97 శాతానికి వారసత్వంతో సంబంధం ఉందని తేలింది. మనుషుల మీద అంతకుముందు జరిగిన పరిశోధనల్లో ఇలా తేలినవి కొద్దే. మనిషికి ఒక్క నమూనాతో సరిపెట్టుకోవడం అందుకు ఒక కారణం. పేగుల్లోని లోకం ఇవాళ ఉన్నట్టు రేపుండదు కదా.

97 అనగానే "అంతా రక్తంలోనే ఉంది" అనేయకండి. కోతికీ కోతికీ మధ్య కనబడే తేడాల్లో జన్యువుల వాటా సగటున 7 శాతం లోపే. ఆ వాటా కూడా స్థిరంగా ఉండదు. ఎండాకాలంలో, తినేవాటి రకాలు తగ్గినప్పుడు, వయసు మళ్ళినప్పుడు పెరుగుతుంది. వానలు పడితే తగ్గుతుంది. నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే. వారసత్వం ఎంతంటే ఒక అంకె చెప్పడం కుదరదు, ఏ కాలంలో అని తిరిగి అడగాలి.

ఈ మధ్య మన విందుల్లో కడుపులోని బాక్టీరియాను పరీక్షించే కిట్ల ముచ్చట్లు వింటున్నాను. పోస్టులో ఒక్క నమూనా పంపితే రిపోర్టు వస్తుందట. 28 సార్లు తీస్తేగానీ కోతి సంగతే తేలలేదు, నేనైతే ఆ డబ్బు ఖర్చుపెట్టను.

మనబోటి వాళ్ళకు సంబంధించిన మాట ఇంకొకటి. ఆగ్నేయాసియా నుంచి అమెరికాలోని మినసోటాకు వలస వచ్చిన మాంగ్, కరెన్ జాతులవారిపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. వచ్చిన కొన్ని నెలలకే వాళ్ళ పేగుల్లోని స్వదేశపు సూక్ష్మజీవులు తగ్గడం మొదలైంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తగ్గాయి, ఇక్కడ పుట్టిన పిల్లల్లో మరీ తక్కువ.

ఈ వారానికి ఇంతే.